మా ఊరిని కూడా తీసుకోండి

నేను గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. బొగ్గు పాఠం వచ్చిన ప్రతి ఏడూ నాకొక తంటా ఉంటుంది. నా ముందు కూర్చునే పిల్లల్లో చాలామంది బాయి పనికి పోయేవాళ్ళ పిల్లలే. గనిని ఇక్కడ ఎవరూ గని అనరు, బాయి అంటారు. బొగ్గు ఎట్లా పుడుతుందో చెప్పినంతసేపు తరగతి హుషారుగా ఉంటుంది. బొగ్గు కాల్చడం వల్ల భూమి వేడెక్కుతోంది, దాన్ని తగ్గించుకోవాలి అనే పేజీకి వచ్చేసరికి చప్పుడుండదు. ఒకసారి తల్లిదండ్రుల మీటింగులో ఒకాయన లేచి, "టీచరమ్మా, మా బిడ్డకు బొగ్గు చెడ్డదని చెప్తున్నరట. గా చెడ్డదాంతోటే గదా మీ ఫీజు కడుతున్న" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల మండింది. నా మొగుడు కూడా బాయి కార్మికుడే. మా ఇంటి అన్నం ఏ పొయ్యి మీద ఉడుకుతోందో నాకొకరు చెప్పనక్కర్లేదు.

ఎండలు ముదిరాయని ఒప్పుకోని మనిషి ఈ ఊళ్ళో లేడు. వేసవిలో పొద్దున పాలు తెచ్చుకోవడానికి పోయినా నెత్తి మాడుతుంది. ఎందుకు ముదిరాయంటే మాత్రం చాయ్ బండి దగ్గర తలా ఒక మాట చెబుతారు. చెట్లు కొట్టేశారని ఒకరు, ఇంటింటికీ ఏసీలు వచ్చాయని ఒకరు, జనంలో నీతి పోయిందని ఇంకొకరు. బొగ్గు పేరు ఎవరి నోటా రాదు. సోలారు మంచిదేనా అని అడిగితే అందరూ మంచిదే అంటారు. ఆ వెంటనే అడిగే ప్రశ్న ఒకటే: "దాంట్ల పర్మినెంటు ఉన్నదా?" లేదు. బొగ్గు కంపెనీ మట్టి గుట్టల పక్కన పరిచిన సోలారు పలకలను తుడిచేవాళ్ళంతా కాంట్రాక్టు వాళ్ళే. అందుకని ఇక్కడి జనాభిప్రాయంలో శుభ్రమైన కరెంటంటే చుట్టాలింట్లో పెళ్ళి లాంటిది. మంచిదే, కానీ మనది కాదు.

మా ఆయనదీ అదే ధోరణి. "బొగ్గు బందైతే నీ ఫ్యాను తిరగది, నీ నోరు మాత్రం తిరుగుతది" అంటాడు. మేమిద్దరం ఈ విషయం మీద వాదించుకున్నన్నిసార్లు పప్పులో ఉప్పు గురించి కూడా వాదించుకుని ఉండము. నేను గెలిచినట్టే ఉంటుంది. ఆయన సంచి తగిలించుకుని ఫస్టు షిఫ్టుకు పోతాడు. నేను ఆ జీతంతో కొన్న స్కూటీ ఎక్కి బడికి పోతాను.

ఇంతవరకైతే నవ్వుకోవచ్చు. నవ్వుకోలేని సంగతి మా అక్కది.

అక్క నాకన్నా చాలా పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. పెళ్ళయి అత్తగారి ఊరికి పోతూ నన్ను కూడా వెంట తీసుకుపోయింది. అక్కడే పదో తరగతి దాకా చదివాను. బావ ఒక్క రోజు కూడా మొహం చిట్లించలేదు. వాళ్ళకు పిల్లలు కలగలేదు. "ఒక బిడ్డ కట్నంగ వచ్చింది, సాలదా?" అనేవాడు బావ, నన్ను చూపించి. నేను టీచరునయ్యాక ఆయన నన్ను పేరుతో పిలవడం మానేసి టీచరమ్మా అంటాడు. అందులో సగం వెక్కిరింత, సగం మురిపెం.

వాళ్ళ ఊరు మా దగ్గర నుంచి స్కూటీ మీద పోయేంత దూరంలోనే ఉంది. ఊరి చివరి ఇల్లు దాటగానే పత్తి చేలుండేవి. ఇప్పుడు చేలు లేవు. కంచె ఉంటుంది, కంచె అవతల ఓపెన్ కాస్టు గొయ్యి, నేల పైనుంచే తవ్వుకుంటూ పోయే బొగ్గు గని. అంచున నిలబడి చూస్తే అడుగున తిరిగే లారీలు చీమల్లా కనిపిస్తాయి. ఇవతలి పక్క గొయ్యిలో నుంచి తీసిన మట్టితో పోసిన గుట్టలు. మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, తర్వాత పేలుళ్ళు. గోడలో గిన్నెలు పెట్టుకునే గూడు అదురుతుంది. బర్రెలు తాడు తెంపుకోబోతాయి. గాలి ఎటు వీస్తే అటు దుమ్ము లేస్తుంది, ఇక్కడి మాటలో దుబ్బ. అన్నం వడ్డించుకుని రెండు ముద్దలు తినేలోపు దాని మీద మసక తేలుతుంది. చేతిపంపులు ఎండిపోయాయి, నీళ్ళు ట్యాంకరు తెస్తుంది.

ఇదంతా ఊరు ఓడిపోయినందువల్ల రాలేదు. గెలిచినందువల్ల వచ్చింది.

గొయ్యి మొదలుపెట్టే ముందు ప్రజాభిప్రాయ సేకరణ అని ఒకటి పెట్టారు. షామియానా, కుర్చీలు, మైకు, వీడియో తీసే మనిషి, మంచినీళ్ళ ప్యాకెట్లు. అప్పటికే నేను బడిలో పాఠాలు చెబుతున్నాను. అక్క వాళ్ళ ఊరంతా ఒక్కమాట మీద కదిలి వచ్చి, ప్రాణం పోయినా ఊరు ఇచ్చేది లేదన్నారు. అక్క ఎప్పుడూ నలుగురిలో మాట్లాడని మనిషి, ఆ రోజు మైకు పట్టుకుని ఒర్రింది. పక్క ఊరి వాళ్ళు ఇంత గట్టిగా నిలబడలేదు, ఇచ్చేశారు. కొన్నాళ్ళకు కంపెనీ గొయ్యి హద్దు గీత మార్చుకుంది. పక్క ఊరు మొత్తం గొయ్యిలోకి పోయింది. అక్క వాళ్ళ ఊరి భూములు కొన్ని పోయాయి గానీ ఊరు దక్కింది. ఆ సంగతి తెలిసిన సాయంత్రం పటాకులు కాల్చారు, అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చింది. సంతోషంతోనే.

గొయ్యి వచ్చి ఊరి అంచున ఆగింది. అక్కడ ఆగిందంటే దాని అంచున మనుషులు బతకాలి అని ఎవరికీ తట్టలేదు. పోరాడేటప్పుడు ఊరు ఉంటుందా పోతుందా అన్నదే ప్రశ్న. ఉంటే ఎట్లా ఉంటుంది అని ఎవరూ అడగలేదు. పోయిన పక్క ఊరికి దూరంగా కాలనీ కట్టారు. అక్కడ సిమెంటు రోడ్లు, నల్లాలు, ఇంటి ముందు జామ చెట్లు. దుబ్బ లేదు. అక్క వాళ్ళు ఆ కాలనీలో పెళ్ళికి పోయి వస్తే రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

తర్వాత ఊరు పాట మార్చింది. ఊరు ఇచ్చేది లేదన్న వాళ్ళే మమ్మల్ని కూడా తీసుకోండని ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. కలెక్టరాఫీసు ముందు టెంటు వేసి కూర్చున్నారు. బయటి వాళ్ళకు ఈ ధర్నా అర్థమయ్యేది కాదు. ఊరు కాపాడండి అని కూర్చునే వాళ్ళను చూశారు గానీ, ఊరు మింగండి అని కూర్చునే వాళ్ళను ఎవరు చూశారు? గొయ్యిని పెంచే ఆలోచన ఉంది, పెంచితే మీ ఊరు గీత లోపలికి వస్తుంది అని ఎవరో చెప్పారు. ఆ మాట పట్టుకుని ఊరు ఏళ్ళకేళ్ళు వేలాడింది.

అప్పటికే అక్కకు దమ్ము, అంటే ఆయాసం, మొదలైంది. నాలుగడుగులు వేస్తే గుమ్మం పట్టుకుని నిలబడేది. మంచిర్యాలలో డాక్టరుకు చూపించాను. పొయ్యి ఊదావా, బీడీ తాగావా అని అడిగి, ఊరి పేరు చెప్పగానే ఆయన పెన్ను కింద పెట్టాడు. "మందులు రాస్తాను. కానీ ముందు అక్కడి నుంచి తీసుకుపోండి" అన్నాడు. నేను మా క్వార్టరుకు తీసుకొచ్చాను. మాది రెండు గదులే, కానీ కరెంటు పోదు, కంపెనీ క్వార్టర్లలో ఏసీ కూడా పెట్టుకోనిస్తారు. వారం తిరగకముందే అక్క మొహం తేటబడింది. ఒక పొద్దున లేచి చూస్తే సంచి సర్దుకుని కూర్చుని ఉంది.

"ఏడికక్కా?"

"సర్వేకు వస్తరట చెల్లె. ఇంట్ల మనిషి కండ్లవడకపోతే పేరు రాయరు."

దీని దగ్గరే మా కథంతా చిక్కుకుపోయింది. ఊరిని తీసుకునే ముందు ఇంటింటికీ వచ్చి ఎవరుంటున్నారో రాసుకుపోతారు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగాలి, దండెం మీద బట్టలుండాలి, మనుషులు కళ్ళబడాలి. తాళమేసి ఉంటే ఆ ఇల్లు లెక్కలోకి రాదు, కొత్త కాలనీలో జాగా రాదు. ఆ రోజు ఎప్పుడో ఎవరికీ తెలీదు. అందుకని ఊళ్ళో ఎవరూ ఇల్లు వదలరు. బిడ్డ పెళ్ళికి పోయినా ఒకరు ఇంట్లో ఉంటారు. హైదరాబాదులో పనికి పోయినవాళ్ళు కూడా పుకారు పుడితే చాలు బస్సెక్కి వచ్చి, పొయ్యి ముట్టించుకుని కూర్చుంటారు. బావ ఒక్కడే ఉంటే సరిపోదా అని అడిగాను. ఇల్లాలు లేని ఇంటిని నమ్మరు, ఊళ్ళో ఉంటలేరని రాస్తారు అంది అక్క. ఎవరు చెప్పారో తెలీదు. ఊరంతా నమ్ముతుంది.

నేను కోపం పట్టలేని దాన్ని. "జాగా వచ్చేదాక నువ్వు బతికి ఉండాలె గదా!" అని అరిచేశాను. అక్క నావైపు నిదానంగా చూసింది.

"గీ ఇల్లు ఇడిస్తే మీ బావకు ఏముంటది? నీ ఇంట్ల పడుంటడా? నాకు ఊపిరి తిరిగి వస్తది, జాగా తిరిగి రాదు."

నేను స్కూటీ మీద దింపి వచ్చాను. దారి పొడవునా ఆమె దగ్గు నా వీపుకు తగులుతూ ఉంది.

ఒక ఆదివారం నేను అక్కడ ఉన్నప్పుడు హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వాతావరణ మార్పు మీద, శుభ్రమైన కరెంటు మీద జనం ఏమనుకుంటున్నారో అడిగి ఫోనులో నొక్కుకుంటోంది. ఎవరో సర్వే అన్నారు. ఆ ఒక్క మాటకు గల్లీ మొత్తం పరుగెత్తింది. ఆడవాళ్ళు పొయ్యిలు ముట్టించారు, మగవాళ్ళు మంచాలు వాకిట్లో వేసుకున్నారు. బావ బర్రెల దగ్గర నుంచి ఉరికి వచ్చి గోడ మీద వేలాడుతున్న చొక్కా తొడుక్కున్నాడు. ఆ అమ్మాయి బెదిరిపోయింది. ఇది ఆ సర్వే కాదని నేను చెప్పేసరికి అందరి మొహాలూ వాడిపోయాయి. అయినా వచ్చిన మనిషిని ఊరికే పంపకూడదని అక్క చాయ్ పెట్టి కూర్చోబెట్టింది.

"ఎండలు పెరిగినట్టు మీకనిపిస్తోందా?"

"అనిపించుడేంది బిడ్డా, కాలుతాంది."

"దానికి కారణం ఏమనుకుంటున్నారు?"

అక్క గొయ్యి వైపు చెయ్యి చూపింది.

"బొగ్గు గనులు మెల్లగా మూసేసి, ఎండతో, గాలితో కరెంటు చెయ్యాలి అంటే మీరు ఒప్పుకుంటారా, ఒప్పుకోరా?"

"మూయుండ్రి. మూసే ముందుగాల మా ఊరును తీస్కోండ్రి. తీస్కొని మూయుండ్రి."

అమ్మాయి ఫోన్ వైపు చూసింది. ఒప్పుకుంటాను, ఒప్పుకోను, చెప్పలేను అని మూడే ఉన్నాయట. అక్క చెప్పింది ఎందులోనూ పట్టలేదు. చివరికి చెప్పలేను మీద నొక్కింది. మా అక్క అంత స్పష్టంగా చెప్పాక అట్లా నొక్కడం చూసి నాకు నవ్వొచ్చింది, ఒళ్ళు కూడా మండింది. ఆ అమ్మాయి తప్పేముంది? చాయ్ బాగుందని చెప్పి పక్కింటికి పోయింది.

గొయ్యి పెంచడానికి మళ్ళీ ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు ఊళ్ళో పండగ వాతావరణం. అక్క పెట్టెలో నుంచి మంచి చీర తీసి కట్టుకుంది. తోడు రమ్మంటే బడికి సెలవు పెట్టి పోయాను. అదే తీరు షామియానా, అదే తీరు మైకు. వచ్చిన ప్రతివాడూ "ప్రాజెక్టును స్వాగతిస్తున్నం" అని మొదలుపెట్టి, "మా ఊరును తప్పకుంట తీస్కోవాలె" అని ముగించాడు. అంత మెచ్చుకుంటుంటే వేదిక మీది అధికారులకే ఇబ్బందిగా ఉన్నట్టుంది.

అప్పుడు పట్నం నుంచి వచ్చిన ఒక కుర్రాడు మైకు తీసుకున్నాడు. పర్యావరణం కోసం పనిచేసే మనిషి. గాలి గురించి, అడుగంటిన నీళ్ళ గురించి, పెరుగుతున్న ఎండల గురించి, ఇంకా బొగ్గు తవ్వితే రేపటి పిల్లలకు ఏం మిగులుతుందో దాని గురించి చక్కగా చెప్పాడు. ప్రతి మాటా నిజం. నేను తరగతిలో చెప్పేది అదే, ఆయన నాకన్నా బాగా చెప్పాడు. నాకు తెలియకుండానే తల ఊపుతున్నాను. పక్కన చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. అక్క లేచి మైకు దగ్గరికి పోయింది.

"కొడుకా, నువ్వు మంచిగనే చెప్తున్నవ్. దుబ్బ గురించి నువ్వు చెప్తున్నవ్, నేను మింగుతున్న. సాయంత్రం నువ్వు రైలెక్కుతవ్. గొయ్యి పెరగద్దంటవ్, సరే. ఉన్న గొయ్యి ఒడ్డుకు మేమున్నం గదా, మమ్ముల ఏం జేస్తవో జెప్పు."

అంతకన్నా మాట్లాడలేకపోయింది. దగ్గు తెర వచ్చి మైకు మీదికే వంగిపోయింది. ఆ దగ్గు మైకు పెట్టెల్లో నుంచి ఊరంతా వినిపించింది. జనం చప్పట్లు కొట్టారు. కుర్రాడు కిందికి దిగి వచ్చి అక్కకు నీళ్ళ ప్యాకెట్ చింపి ఇచ్చాడు. నేను ఎవరి పక్షమో ఆ క్షణంలో నన్నెవరైనా అడిగి ఉంటే ఏడ్చేదాన్ని. మర్నాడు పేపర్లో గని విస్తరణకు ప్రజల మద్దతు అని వేశారు.

ఆ వానాకాలం అక్కను దవాఖానలో చేర్పించాల్సి వచ్చింది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. మూడో రోజో నాలుగో రోజో బావకు ఊరి నుంచి ఫోనొచ్చింది, టేపులు పట్టుకుని మనుషులు వచ్చారని. బావ లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. అక్క గొట్టం పీక్కుంటూ, "ఆటో తేపో" అంది. నర్సు తిట్టింది. నేను చేతులు పట్టుకున్నాను. అంత ఆయాసంలోనూ ఆమె బలం ముందు నేను ఆగలేకపోయాను. చివరికి సంతకం చేసి, ఆటోలో తీసుకుపోయాము. అక్క వాకిట్లో కుర్చీలో కూర్చుని, పైట సర్దుకుని, చూపు గల్లీ మలుపు మీద పెట్టింది. టేపుల వాళ్ళు రోడ్డు కొలవడానికి వచ్చిన వాళ్ళట. కొలుచుకుని, మావైపు చూడకుండానే పోయారు.

"పోనీ, రేపొస్తరు" అంది అక్క.

రాలేదు. పోయిన చలికాలంలో తెలిసింది ఆ గొయ్యిని ఇంక పెంచరని. ఎందుకో ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్పారు. అడుగున ఉన్న బొగ్గు మంచిది కాదని కొందరు, ఇక ముందు సోలారు మీదే పెట్టుబడి అని కొందరు. తవ్వినంత తవ్వి, గొయ్యిలో నీళ్ళు నింపి, నీళ్ళ మీద పలకలు పరుస్తారని కూడా అన్నారు. ఏది నిజమో నాకు తెలీదు. ఊరు మాత్రం గీత బయటే ఉండిపోయింది.

నాకు ఆ వార్త బడిలో తెలిసింది. హెడ్ మాస్టరు సంబరంగా పేపరు పట్టుకొచ్చారు. "మేడమ్, మీరు చెప్పే పాఠం నిజమవుతోంది, ప్రార్థనలో పిల్లలకు మీరే చెప్పండి" అన్నారు. పర్యావరణ క్లబ్బు నాదే మరి. పిల్లల ముందు నిలబడి చెప్పాను. మన దగ్గర ఒక గని విస్తరణ ఆగిపోయింది, దీనివల్ల గాలిలోకి పోయే పొగ తగ్గుతుంది, ఇది మంచి వార్త అన్నాను. అబద్ధం ఒక్కటి కూడా లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. బెల్లు కొట్టగానే స్కూటీ తీసుకుని అక్క దగ్గరికి పోయాను.

ఊళ్ళో ఎవరూ ఏడవడం లేదు, అరవడం లేదు. గల్లీలో చాలా పొయ్యిలు ఆరిపోయి ఉన్నాయి, రెండు మూడు ఇళ్ళకు అప్పుడే తాళాలు పడ్డాయి. అక్క గడప మీద కూర్చుని ఉంది. బావ నన్ను చూసి టీచరమ్మా అనలేదు.

"ఇగ రారట గదా?" అంది అక్క.

"రారక్కా."

"వాళ్లు మా మాట ఇన్నది ఒక్కసారే చెల్లె. గప్పుడు మేం వద్దన్నం."

నేను పక్కన కూర్చున్నాను. భూమికి మంచి జరిగిందని చెప్పనా? జరిగింది, నిజంగానే. ఆ మంచిలో మా అక్క లేదు, అంతే. లోకమంతా తవ్వకం ఆపాలని నేను కోరుకున్నాను, ఇప్పటికీ కోరుకుంటాను. అది ఆగే చోట ఒక మనిషి నిలబడి ఉంటుందని, ఆ మనిషి నాకు జడలు వేసిన మనిషే అవుతుందని నేను అనుకోలేదు. ఎవరిని తిట్టాలో తెలియక చాలాసేపు నా చెప్పులకంటిన దుబ్బ దులుపుతూ కూర్చున్నాను.

"ఇప్పుడన్న మా ఇంటికి రా అక్కా" అన్నాను చివరికి.

వాదిస్తుందనుకున్నాను. లేచి లోపలికి పోయి సంచి తెచ్చుకుంది. అన్నేళ్ళు నేను బతిమాలినా, అరిచినా, చేతులు పట్టుకుని లాగినా కదలని మనిషి అంత తేలిగ్గా రావడం నేను భరించలేకపోయాను. బావ బర్రెలను అమ్మేదాకా ఉంటానన్నాడు. స్కూటీ కదిలేటప్పుడు ఆయన మావైపు కాకుండా పేలుళ్ళకు గోడలో పడ్డ పగులు వైపు చూస్తున్నాడు.

ఈసారి మా ఇంట్లో వారం కాదు, నెల గడిచినా అక్క మొహం తేటబడలేదు. మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయాము. ఆయన ఛాతీ ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, ఇంక వెనక్కి రావు అన్నాడు. అక్కను బయట కూర్చోబెట్టి నాతోనే చెప్పాడు. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకోవాలి, రోజులో ఎక్కువసేపు ఆన్‌లో ఉండాలి, కరెంటు పోని చోట ఉంచాలి అని రాసిచ్చాడు.

మిషన్ వచ్చిన రోజు మా ఆయన సెకండు షిఫ్టు మానుకుని తానే బిగించాడు. మంచం పక్కన పెట్టి స్విచ్చి వేశాడు. గుర్రుమని మొదలైంది. గొట్టం అక్క ముక్కుకు తగిలించాను. కాసేపటికి ఆమె భుజాలు ఎగిరిపడటం తగ్గింది. మిషన్ వైపు అనుమానంగా చూస్తూ అడిగింది:

"గిది దేంతోటి నడుస్తది?"

"కరెంటుతోటి వదినే" అన్నాడు మా ఆయన.

"అంటే బొగ్గే గద."

ఆయన నావైపు చూశాడు. ఇన్నేళ్ళ మా వాదనలో గెలిచే అవకాశం ఆయన చేతికి వచ్చింది. సంచి తీసుకుని, ఎక్కడికో చెప్పకుండా బయటికి పోయాడు.

నేను రోజూ బడికి పోతున్నాను. బొగ్గు పాఠం మళ్ళీ వచ్చింది, చెప్పాను. భూమి వేడెక్కుతోంది, బొగ్గు తగ్గాలి అని బోర్డు మీద రాసి, ఇంటికొచ్చి కరెంటు పోకూడదని దేవుడికి దండం పెట్టుకుంటున్నాను. రెండూ మనసారానే. ఈ రెండు మాటలు ఒకే నోట్లో ఎట్లా ఇముడుతున్నాయో ఎవరైనా వచ్చి అడిగితే, నాకూ చెప్పలేను అన్నదే మిగిలింది.

మొన్న సాయంత్రం అక్క తల దువ్వుతుంటే, మిషన్ చప్పుడులో నుంచి మెల్లగా అడిగింది.

"మా మరిదికి సర్వీసు ఇంకెన్నాళ్ళున్నది చెల్లె?"

దువ్వెనకు చుట్టుకున్న వెంట్రుకలు తీశాను. ఆయన రిటైరైతే ఈ క్వార్టరు ఖాళీ చెయ్యాలి. కరెంటు పోని ఇల్లు మాకు ఇంకొకటి లేదు. ఆయన రిటైరయ్యేది వచ్చే ఏడే.

"చానా ఉన్నదక్కా" అన్నాను.

అక్క సరేనన్నట్టు తల ఊపింది. "నేను ఇంట్లనే ఉంట, ఏడికి పోను. ఎవలన్న వచ్చి అడిగితే చెప్పు, మనిషున్నదని" అంది.